నిండు నెలల్లో గుడారం: సులైబియా పొలిమేరలో ఒక రాత్రి

నవంబరు సగం గడిచిందంటే కువైట్‌లో కబుర్లన్నీ ఎడారి చుట్టూనే తిరుగుతాయి. మామూలుగా నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా గుడారాల కాలం. శుక్ర, శని వారాలు వస్తే చాలు, కార్ల మీద చాపలు, కుర్చీలు, బొగ్గుల సంచులు కట్టుకుని జనం ఊరు దాటుతారు. ఒక్కపూట అలా వెళ్ళి వండుకు తిని రావడాన్ని ఇక్కడ 'కష్తా' అంటారు. నెలల తరబడి వేసి ఉంచే పెద్ద గుడారాల విడిది 'ముఖయ్యమ్'. మన తెలుగు కుటుంబాలు కూడా పులిహోర డబ్బాలతో, పిల్లల స్వెట్టర్లతో ఈ సందడిలో కలిసిపోతాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఏసీ గదుల్లో గడిపే మనకి ఆరుబయట కూర్చోవడమే ఒక పండగ.

మరి ఆ నాలుగు నెలల్లోనే మనకి నెలలు నిండుతుంటే? అందరూ వెళుతుంటే ఇంట్లో ఒక్కళ్ళం కూర్చోవాలా? జనవరిలో నాకు ఎదురైన ప్రశ్న ఇదే. అప్పటికి 32 వారాలు. ఫోన్లో చెప్పగానే అమ్మ అన్న మొదటి మాట, "నిండు మనిషివి, పొలిమేర దాటతావుటే?"

ఈ పొలిమేర మాట మనలో చాలామంది విన్నదే. నెలలు నిండిన ఆడపిల్ల ఊరి పొలిమేర దాటకూడదు, ఏరు దాటకూడదు అంటారు. వింటే చాదస్తంలా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో పొలిమేర దాటితే మంత్రసాని ఉండదు, బండి దొరకదు, పిలిస్తే పలికే మనిషి ఉండడు. అంటే ఆ నియమం మట్టి గీత గురించి కాదు, సాయం ఎంత దూరంలో ఉందన్న దాని గురించి. అలా చూస్తే నిండు నెలల్లో గుడారానికి వెళ్ళేముందు మెత్తటి పరుపు కంటే ముందు చూసుకోవలసింది చోటు. మేము సులైబియా వెళ్ళింది అందుకే.

కువైట్ మ్యాపు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పడమరగా సాల్మి రోడ్డు పట్టుకుని వెళితే సౌదీ సరిహద్దు దాకా ఎడారే. అక్కడి రాత్రులు అందంగా ఉంటాయి, కానీ నగరం నుంచి వంద కిలోమీటర్లకు దగ్గర. ఉత్తరాన సుబియా వైపు 2019లో జాబర్ వంతెన తెరిచాక దారి తగ్గింది గానీ, వంతెన దిగాక మళ్ళీ విశాలమైన ఖాళీయే. సులైబియా అలా కాదు. జహ్రా గవర్నరేట్‌లో, నగరం అయిపోయి ఎడారి మొదలయ్యే అంచున ఉంటుంది. ఒకవైపు జహ్రా ఆసుపత్రి, ఇంకోవైపు ఫర్వానియా ఆసుపత్రి. రోడ్డు ఖాళీగా ఉంటే ఏ వైపైనా ఇరవై నిమిషాలు అటూ ఇటూ. కువైట్‌కి పొలిమేర ఎక్కడ అని నన్నడిగితే సులైబియా అనే చెబుతాను.

చూడడానికి వెళ్ళే ఊరు కాదిది. మనలో చాలామందికి దీని పేరు తెలిసింది కూరగాయల హోల్‌సేల్ మార్కెట్ వల్లే. బెండకాయల పెట్టె, టమాటాల పెట్టె కొని నలుగురం పంచుకునేది అక్కడే. దాన్ని దాటితే పాడి ఫారాలు, పశుగ్రాసం పొలాలు, షెడ్లు. కొంత దూరంలో నగరపు మురుగునీటిని శుద్ధి చేసే పెద్ద కేంద్రం ఉంది. రోజుకు 3,75,000 ఘనపు మీటర్ల నీటిని శుద్ధి చేసేలా దాన్ని కట్టారు. ఆ నీళ్ళు సాగుకు వెళతాయి. ఊళ్ళో ఒక భాగంలో ఏ దేశపు పౌరసత్వమూ లేని బిదూన్ కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. బిడ్డ పుడితే జనన పత్రం తెచ్చుకోవడమే వాళ్ళలో చాలామందికి ఒక పోరాటం. మన పాస్‌పోర్టులు సర్దుకుంటూ ఆ వీధుల పక్క నుంచి వెళుతుంటే మనసు కొంచెం బరువెక్కుతుంది.

మా వారి ఆఫీసులో పెద్దాయన ఒకరి కుటుంబానికి అక్కడ ఫారం ఉంది. చలికాలంలో ఆ ఆవరణలోనే గుడారాలు వేసుకుంటారు. చుట్టూ గోడ, లోపల కరెంటు, నాలుగడుగుల దూరంలో బాత్రూమ్. నాలుగు కుటుంబాలను పిలిచారు. నేను ఒప్పుకోవడానికి కారణం ఆ బాత్రూమే. నిండు నెలల్లో రాత్రికి నాలుగుసార్లు లేచేవాళ్ళకి ఆ మాట ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వెళ్ళేముందు డాక్టరును అడిగాను. బీపీ, షుగరు, మాయ ఉన్న చోటు, బిడ్డ కదలికలు అన్నీ బాగున్నాయని చూసి, దూరం కనుక్కుని సరేనన్నారు. కవలలున్నవాళ్ళు, మాయ కిందికి ఉన్నవాళ్ళు, మధ్యలో రక్తం కనిపించినవాళ్ళు, ముందు కాన్పు నెలలు నిండకుండా అయినవాళ్ళు ఈ సరదా వచ్చే ఏడాదికి దాచుకోవడమే మేలు. అన్నీ బాగున్నా 36 వారాలు దాటాక నేనైతే ఇల్లు కదలను. చాలా విమాన సంస్థలు కూడా ఆ సమయానికే ఎక్కించుకోవడం మానేస్తాయి.

సంచిలో ముందు పెట్టవలసినవి కాగితాలు. సివిల్ ఐడీ, ఆసుపత్రి ఫైలు, పెళ్ళి సర్టిఫికెట్ కాపీ. ఇక్కడ కాన్పుకు చేరేటప్పుడు పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారు, అర్ధరాత్రి దానికోసం ఇంటికి పరుగెత్తే పని ఉండకూడదు. గుడారాలకు ఇంటి నంబర్లుండవు కాబట్టి ఆ చోటు లొకేషన్ మీ ఫోన్లో, మీ వారి ఫోన్లో, ఊళ్ళో ఉన్న ఒక స్నేహితురాలి ఫోన్లో ఉంచండి. అత్యవసరానికి 112. కారు ట్యాంకు నింపి, ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి, వెనక ఇంకో కారు అడ్డం పెట్టనివ్వకండి. కారులో సీటు బెల్టు నడుము పట్టీ పొట్ట కింద, తొడల మీదుగా రావాలి. గంటకోసారి దిగి నాలుగడుగులు వేస్తే కాళ్ళ వాపు తగ్గుతుంది. ఇసుక దిబ్బల మీద జీపులు, బగ్గీలు పిల్లలకూ మగవాళ్ళకూ వదిలెయ్యండి.

పడక దగ్గర అరబ్బుల పద్ధతి మనకి కుదరదు. వాళ్ళు తివాచీల మీద పలచటి పరుపులు వేసి నేల మీదే కూర్చుంటారు, పడుకుంటారు. నేల మీంచి లేవడం నిండు మనిషికి పెద్ద పని. మడత మంచం తీసుకెళ్ళండి, మోకాలి ఎత్తు ఉండాలి. దాని మీద పరుపు, దాని మీద బొంత. జనవరి రాత్రి చలి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ ఎక్కుతుంది. ఒక పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద చిన్న దిండు, నడుము వెనక ఇంకోటి. ఒక్క మందపాటి కోటు కంటే రెండు మూడు పలచటి బట్టలు మేలు, ఒళ్ళు వేడెక్కినప్పుడు ఒకటి తీసేయొచ్చు. కూర్చోవడానికి చేతులున్న కుర్చీ. బాత్రూమ్ దారిలో గుడారం తాళ్ళు లేకుండా పగలే చూసుకుని, ఆ దారికి చిన్న దీపం పెట్టించండి. చీకట్లో మన పాదాలు మనకే కనబడవు కదా! బయట వదిలిన చెప్పులు దులిపి వేసుకోండి.

తిండి దగ్గర మొహమాటం పనికిరాదు. మచ్‌బూస్, కాల్చిన మాంసం ప్రేమగా వడ్డిస్తారు. మాంసం లోపలిదాకా ఉడికిందో లేదో చూసుకోండి. ఎడారి దారుల్లో అప్పుడే పిండిన ఒంటె పాలు అమ్ముతారు, కాచకుండా తాగితే బ్రూసెల్లా జ్వరం రావచ్చు, అది కడుపులో బిడ్డకి ప్రమాదం. ఫారం పైపు నీళ్ళు మొక్కల కోసం, తాగడానికి బాటిళ్ళు వేరే పట్టుకెళ్ళండి. రాత్రి భోజనం ఏడింటికే ముగిస్తే గుండెల్లో మంట ఉండదు. అర్ధరాత్రి ఆకలికి నేను దద్ధోజనం, నాలుగు సున్నుండలు దగ్గర పెట్టుకున్నాను.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచింది బొగ్గుల కుంపటి గురించి. చలికాలపు గుడారంలో అందరూ కుంపటి చుట్టూ చేరతారు, టీ కెటిల్ దాని మీదే ఉంటుంది. ఆరుబయట ఎంతసేపైనా కూర్చోండి. పడుకునే గుడారంలోకి మాత్రం దాన్ని రానివ్వకండి, నిప్పులు ఆరినట్టు కనిపించినా సరే. మూసిన చోట బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. ఇక్కడ చలికాలంలో నిద్రలోనే పోయినవాళ్ళ వార్తలు చదువుతూనే ఉంటాం. తల్లి రక్తం కంటే బిడ్డ రక్తంలో ఆ విషం ఎక్కువ చేరుతుంది, ఆలస్యంగా వదులుతుంది. తల్లికి తలనొప్పిగా తోచేది బిడ్డకి ప్రాణం మీదికి రావచ్చు. వేడి నీళ్ళ సంచి పాదాల దగ్గర పెట్టుకుంటే చాలు.

ఆ వేడి నీళ్ళ సంచి నాకు తెచ్చిచ్చింది ఆ ఇంట్లో వంట చేసే అక్క. రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌కి వచ్చి పదకొండేళ్ళు. రాత్రి రెండింటికి నేను లేచేసరికి వంట గుడారంలో దీపం ఉంది. పొద్దుటి రొట్టెలకు పిండి కలుపుతోంది.

"యాడికమ్మా ఒక్కదానివే? ఉండు, లైటు తెస్తా" అని చెయ్యి పట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నా కాళ్ళ వాపు నొక్కి చూసింది. "మా పాపకు గూడా ఏడో నెల. ఎట్లుందో ఏమో" అంది. పిల్లను వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చిందిట, మళ్ళీ సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూసిందే. ఈసారి సెలవు కాన్పు అయ్యాక గానీ రాదు. "సీమంతం ఫోన్లోనే చూస్తి. నా చేత్తో ఒక ముద్ద పెట్టలేకపోతి" అంది.

మా అమ్మకి మోకాలి ఆపరేషనయి ఆరు వారాలే, ఆవిడ రాలేదు. ఆ సంగతి చెబితే అక్క కాసేపు ఏమీ అనలేదు. "సరే పండుకో పో, నేను మేలుకొనే ఉండా గదా" అంది.

పొద్దున్నే పొగమంచులో నాకొక గిన్నెలో వేడిగా రాగి సంగటి, పప్పు వచ్చాయి. ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండి పొదుపుగా వాడుకుంటుందని తరువాత తెలిసింది. ఆ ఇంటి పెద్దావిడ అది చూసి తనకీ ఒక ముద్ద పెట్టించుకుని, నా పొట్ట వైపు చూసి "మాషా అల్లాహ్" అంది. తిన్నాక అక్క కూతురికి వీడియో కాల్ చేసింది. ఆ అమ్మాయి నన్ను చూసి సిగ్గుపడి, "అక్కా, నిద్ర పడతాందా నీకు? నాకు నడుము ఒకటే నొప్పి" అంది. మంచం మీద దిండ్లు ఎలా పెట్టుకున్నానో కెమెరా తిప్పి చూపించాను. ఫోన్ పట్టుకున్న అక్క, "అట్ల పెట్టుకోమే, ఇన్నావా?" అని రెండుసార్లు చెప్పింది.

మనకి కష్తా అంటే సెలవు. ఆ విడిదుల్లో వండేవాళ్ళకీ, పిల్లల్ని చూసేవాళ్ళకీ అది పని, అదీ చలిలో, ఇంట్లో కంటే ఎక్కువ పని. వాళ్ళలో కడప వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన మన ఆడవాళ్ళు ఎంతోమంది. మీరు వెళ్ళిన చోట తెలుగు వినిపిస్తే పలకరించండి. ఆమె ఫోన్లో డేటా లేకపోతే మీ ఫోన్ ఒక పది నిమిషాలు ఇవ్వండి. గిన్నెలు కడగడానికి మీ వారిని పంపండి.

చివరిగా, ఎప్పుడు బయల్దేరాలో ముందే అనుకుని వెళ్ళండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినట్టనిపించినా, నొప్పులు ఒక పద్ధతిలో వస్తున్నా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకూడదు. "అందరి సరదా పాడవుతుందేమో" అన్న ఆలోచన అప్పుడు వద్దు. నేను మాత్రం శనివారం మధ్యాహ్నం దాకా ఉండి నెమ్మదిగా ఇంటికి వచ్చాను.

అమ్మకి ఫోన్ చేసి, పొలిమేర దాకా వెళ్ళాను గానీ దాటలేదని చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే, "రాత్రి నీకు తోడు ఎవరున్నారే?" అక్క గురించి చెప్పాను. ఆమె ఫోన్ నంబరు అడిగి రాసుకుంది. ఇప్పుడు వాళ్ళిద్దరూ వారానికోసారి మాట్లాడుకుంటున్నారు. రాయచోటిలో ఉన్న ఆ పిల్లకి మూడో నెల నుంచి ఐరన్ మాత్రలు వేసుకుంటోందా లేదా అని అడిగేది ఇప్పుడు మా అమ్మే.