ఆకలి నేర్పని పాఠం

1607 మేలో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగిన 104 మంది ఇంగ్లీషు వలసదారుల్లో సగం దాకా దొరబాబులే. బంగారం మీదున్న ధ్యాస సేద్యం మీద లేదు. పని చేయనివాడికి తిండి లేదని కెప్టెన్ జాన్ స్మిత్ కట్టడి చేయాల్సి వచ్చింది.

పౌహాటన్ తెగలవాళ్ల మొక్కజొన్నతోనే మొదట్లో పొట్ట గడిచింది. ఆ సఖ్యత చెడి, 1609 చలికాలంలో వాళ్లు జేమ్స్‌టౌన్ కోటను దిగ్బంధించారు. లోపలివాళ్లు గుర్రాలనూ, కుక్కలనూ, ఎలుకలనూ తిన్నారు. చెప్పుల తోలు ఉడకబెట్టుకున్నారు. 2012 తవ్వకాల్లో దొరికిన 14 ఏళ్ల పిల్ల పుర్రె మీది కత్తిగాట్లు ఆ తర్వాతి సంగతి చెబుతాయి. వసంతానికి మిగిలింది 60 మంది.

ఇంత జరిగిన ఊళ్లోనే కొన్నేళ్లకు వీధుల్లో సైతం పొగాకు వేశారు! జాన్ రోల్ఫ్ పండించిన రకానికి లండన్‌లో మంచి ధర పలికింది మరి. దానికి నేల కావాలి, చాకిరీకి మనుషులు కావాలి. నేల పౌహాటన్లది. ఇక మనుషులంటారా, 1619లో ఓడ మీద బందీలుగా వచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను తిండి సరుకులిచ్చి కొన్నారు. ఆ కాలనీలో తొలి ప్రతినిధుల సభ కూడింది కూడా ఆ ఏడాదే.

ఆకలి తెలిసినవాడికి జాలి ఉంటుందంటారు. జేమ్స్‌టౌన్ చరిత్ర చదివాక ఆ మాట నేను నమ్మను.