దారివ్వడమూ డ్రైవింగే!

ఒకపక్క కొండ... మరోపక్క పసిఫిక్ మహాసముద్రం. కాలిఫోర్నియాలో 1937లో తెరిచిన బిగ్ సర్ రహదారి అది. ఆయన పికప్ వెనక 25 అడుగుల ట్రెయిలర్. మలుపులో దాని చక్రాలు లోపలి అంచుకు జరిగిపోతాయి. దిగుడులో గేరు తగ్గించకపోతే బ్రేకులు వేడెక్కుతాయి.

'వెనక ఐదు కార్లున్నాయండీ' అందావిడ.

'ఉండనీ. మనమేం ఆగిపోయామా?'

నెమ్మదిగా వెళ్లే బండి వెనక ఐదు వాహనాలు చేరితే వీలున్నచోట పక్కకు తప్పుకోవాలన్నది అక్కడి చట్టం. అది ఆయనకూ తెలుసు. ఇంతలో ఓ కారు ఓపిక పట్టలేక మలుపులోనే ముందుకు దూసుకొచ్చింది. ఎదురుగా మరో కారు! వెంట్రుకవాసిలో తప్పింది.

ఖాళీ జాగా కనిపించగానే ఆపేశారాయన. మిగతా కార్లన్నీ వెళ్లిపోయాయి. చివరి కారులోంచి ఎవరో చెయ్యూపారు. పొద్దుట్నుంచీ రోడ్డునే చూస్తున్న ఆయనకు సముద్రం అప్పుడు కనిపించింది.