నాబ్ మీద సున్నా, ఆంప్‌లో సందడి

బల్కంపేట ఎల్లమ్మ గుడి రోడ్డులో ట్రాఫిక్ ఆగిందంటే ఇక అంతే సంగతులు. ఆషాఢంలో అమ్మవారి కల్యాణం రోజైతే చెప్పనే అక్కర్లేదు. అలాంటి చోట పోర్షే 911 ఇరుక్కుపోతే మీరు ‘అయ్యో పాపం’ అంటారు. నేనైతే అనను. అద్దాలెత్తి, ఏసీ వేసి, హాయిగా పాట వింటున్నాడండీ ఆయన! ఆ బండి ఇంజిన్ గురించి ఊరంతా మాట్లాడుతుంది. ఆంప్ గురించి ఒక్కరన్నా మాట్లాడారా? అదే నా ఫిర్యాదు.

ఇప్పటి 911లో బోస్ సిస్టమ్ పెట్టించుకుంటే 12 స్పీకర్లు, 570 వాట్లు. బర్మెస్టర్ అయితే 855 వాట్లు. కళ్లు మెరిశాయి కదూ? కాస్త ఆగండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. ఆ లెక్కన 570కీ 855కీ మధ్య 2 డెసిబెల్స్ కూడా లేవు. చెవికి తెలిసే తేడా చాలావరకు స్పీకర్లలో, సెట్టింగుల్లో ఉంటుంది.

అసలు మజా అక్కడే. స్క్రీన్ మీద బేస్ సున్నా, ట్రెబుల్ సున్నా అని కనిపిస్తుంది చూశారూ? అది ఏమీ మార్చని సున్నా కాదు. అద్దం ఎంత వాలుగా ఉంది, సీటు లెదరా బట్టా, డోర్ లోపల ఎంత ఖాళీ ఉంది, అన్నీ కొలిచి ఏ ఫ్రీక్వెన్సీ పెంచాలో ఏది తగ్గించాలో కంపెనీ ఇంజినీర్లు ముందే లెక్కగట్టి ఆంప్‌లో పెట్టేస్తారు. మీరు తిప్పే నాబ్ ఆ లెక్క మీదనుంచి మొదలవుతుంది. వంటావిడ ఉప్పూ కారం సరిచూసి వడ్డించిన పప్పు అన్నమాట. రుచి చూడకుండానే ఉప్పు డబ్బా అందుకుంటారా ఎవరైనా?

‘సౌండ్ పెంచితే బేస్ ఎక్కడికి పోయిందన్నా?’ అని అడిగే కుర్రాళ్లు అమీర్‌పేటలో సందుకొకరు. ఎక్కడికీ పోలేదు నాయనా. చాలా ఫ్యాక్టరీ ఆంప్‌లు వాల్యూమ్ పెరిగేకొద్దీ అడుగు స్వరాలను తామే తగ్గిస్తాయి, స్పీకర్ చిరగకుండా. చిన్న సౌండ్‌లో బేస్ కాస్త ఎక్కువిస్తాయి, ఎందుకంటే తక్కువ సౌండ్‌లో మన చెవికి అడుగు స్వరాలు సరిగా అందవు. ఆ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చెప్పారు.

బోస్ అన్నాను కదా, ఆయన మనకు దగ్గరివాడే. అమర్ బోస్ తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. కొడుకు ఎంఐటీలో పాఠాలు చెబుతూనే 1964లో కంపెనీ పెట్టాడు. 1983 మోడల్ కాడిలాక్ సెవిల్‌లో కారు కోసమే కొలిచి చేసిన సిస్టమ్ బిగించారు. ఆ కంపెనీదే ఆడియోపైలట్ అని ఒకటుంది. లోపల మైకు పెట్టి రోడ్డు మోత వింటూ పాటను సర్దుతూ ఉంటుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కి వేగం అందుకున్నాక దాని పనితనం చూడాలి, ముచ్చటేస్తుంది! మజ్దా ఎంఎక్స్-5 అయితే టాప్ దించగానే సెట్టింగ్ దానంతటదే మార్చుకుంటుంది. మన దగ్గర అమ్మరు, అదొక్కటే నా బాధ.

సౌండ్ మెనూలో డ్రైవర్ సీటు సెట్టింగ్ ఉంటే నొక్కండి. మనం కుడివైపు కూర్చుంటాం. కుడి స్పీకర్ మోకాలి దగ్గర, ఎడమది అవతలెక్కడో. శబ్దానికి మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మేరకు దగ్గరిదాన్ని ఆపి వదిలితే గాయకుడు వచ్చి సరిగ్గా మీ ఎదురుగా నిలబడతాడు.

ఇవేవీ చూడకుండా కోఠి గుజరాతీ గల్లీకి పరిగెత్తి ఆంప్ పీకించేస్తానంటారా? బోస్ స్పీకర్లు చాలావాటిలో 2 ఓమ్స్, అంతకన్నా తక్కువ. బయట దొరికేవి ఎక్కువగా 4 ఓమ్స్. పాత ఆంప్‌కే అవి తగిలిస్తే అందే పవర్ సగమే. పైగా కొన్ని బళ్లలో ఇంజిన్ గర్జన కూడా స్పీకర్లలోంచే! 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 అలాంటిదే. అలాంటి బండిలో ఆంప్ తీసేస్తే గర్జన కూడా మూగబోవచ్చు.

ముందు అన్నీ సున్నాకి తెచ్చి, 1989 నాటి ‘గీతాంజలి’ పెట్టండి. ఇళయరాజా బేస్ గిటార్ ఒక్కో నోటూ విడివిడిగా వినిపిస్తే మీ ఆంప్ బంగారం. వినేటప్పుడు నన్నూ పిలవండి.