పేగూ తోలూ

మాది శావల్యాపురం మాదిగపల్లె. మా నాయన డప్పు కొట్టేవాడు. ఊళ్లో చావైనా పెళ్లైనా తిరునాళ్లైనా ముందు కబురు మా ఇంటికే. కొట్టినంతసేపూ నాయన కావాలి. కూడు మాత్రం అందరూ తిన్నాక, దూరంగా. నాకు పంతులు ఉద్యోగం వచ్చాక మొదట చేసిన పని ఆ డప్పుని అటకెక్కించడం. "ఇంక చాల్లే నాయనా, నా పరువు తియ్యమాక" అన్నా. ఆయన మారు మాట్లాడలా.

పోయినేడు ఓ స్నేహితుడు హైదరాబాదులో సెల్లో కచేరీకి తీసుకెళ్లాడు. ఫిడేలుకి పెద్దన్న లాంటి వాయిద్యం. మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయిస్తారు. ఆ రోజు వాయించింది బాఖ్ సెల్లో సూట్లలో మొదటిది. సుమారు 1720లో జర్మనీలో రాసింది. ఒక్కడే కూచుని వాయిస్తుంటే హాల్లో దగ్గు కూడా వినపడలా. ఆ బొంగురు గొంతు వింటే, మా పల్లెలో ముసలమ్మలు శవం పక్కన రాగం తీసి ఏడవడం గుర్తొచ్చింది.

ఆ కాలంలో దాని తీగెలు గొర్రె పేగుతో పేనేవాళ్లని స్నేహితుడు చెప్పాడు. అందులో నాలుగో భాగం సరబాండ్. ఒకప్పుడు జనం ఆడిన ఆట. బూతని 1583లో స్పెయిన్‌లో నిషేధించారు. అదే ఇప్పుడు శాస్త్రీయం!

నాకు ఒళ్లు మండింది. వాళ్ల పేగు హాల్లోకొస్తే శాస్త్రీయం, మా తోలు ఊరి బయట మైలా? మరి మృదంగానికి బిగించేదేంటి, తోలు కాదా? ఆ తోలు కోసిన చేతులు ఏ కులానివి? కచేరీ కరపత్రంలో వాళ్ల పేరుంటదా?

కోపం చల్లారాక సిగ్గేసింది. బాఖ్ సొంత చేతిరాత ప్రతి పోయింది. ఆయన భార్య అన్నా మగ్దలేనా ఎత్తిరాసిన ప్రతి మిగిలింది. 1890లో బార్సిలోనా కొట్లో పదమూడేళ్ల పాబ్లో కాసల్స్‌కి ఆ సూట్ల పుస్తకం దొరికింది. పన్నెండేళ్లు సాధన చేసిగానీ సభలో వాయించలేదంట. మా నాయన దెబ్బల్ని ఎవరు రాశారు? ఇంట్లో అక్షరం వచ్చినోణ్ని నేనొక్కణ్నే. నేను చేసిందేంటి?

ఇంటికొచ్చి డప్పు దించా. తోలు మెత్తబడిపోయింది. నాయన గడ్డిమంట మీద కాచి, వేలితో మీటి చూసి, మళ్లీ కాచాడు. సిర్ర, సిటికెన పుల్ల అందుకున్నాడు. వణికే చేతుల్తోనే చావుదెబ్బ కొట్టాడు. నేను నోటుపుస్తకం తెరిచి కూచున్నా.

"దీన్నేం రాస్తావురా?" అన్నాడు.

"తెలీదు నాయనా. మళ్లీ కొట్టు."