అనంతగిరి మామిడితోటలో 20 మీటర్ల తీగ

అనంతగిరి కొండలకి ఈసారి మేం పట్టుకెళ్లిన సామాను చూస్తే మీరు నవ్వుతారు. ఒక కొలత టేపు, 25 మీటర్ల రాగి తీగ, నైలాన్ తాడు, 12 వోల్టుల బ్యాటరీ, టిఫిన్ డబ్బా అంత రేడియో సెట్టు. డ్రోన్ లేదు, గోప్రో లేదు. నలుగురిలో ఇద్దరు హామ్‌లు. అంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్‌తో, సొంత రేడియోతో ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడేవాళ్లు. నేను, ఇంకో ఫ్రెండూ ఊరికే చూడ్డానికి వెళ్లాం.

హైదరాబాద్ నుంచి వికారాబాద్ పక్కన ఉన్న ఈ కొండలకి దాదాపు 80 కిలోమీటర్లు. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా దారి. ఆ దారి పొడవునా రెండు వైపులా మర్రిచెట్లే. ఊడలు దిగి, కొన్నిచోట్ల రోడ్డు మీద పందిరి వేసినట్టు ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయాలని ఒక వైపు, చెట్లు మిగలాలని ఇంకో వైపు ఏళ్ల తరబడి వాదనలు జరిగాయి. బైక్ మీద వెళ్లేవాళ్లకి చెప్పేది ఒకటే, ఆ నీడ ఉన్నంతసేపు స్పీడు తగ్గించండి.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, మెట్లు దిగితే కోనేరు, చేతిలో కవరు కనిపిస్తే వదలని కోతులు, రోడ్డు పక్కన కాల్చిన మొక్కజొన్న కంకులు. ఇవన్నీ రీల్స్‌లో మీరు చూసినవే. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే అన్నది మాత్రం రీల్స్‌లో పెద్దగా కనబడదు. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ని ముంచేసిన మూసీ ఇదే. ఎగువన కురిసిన వాన సంగతి దిగువన ఉన్న ఊరికి క్షణాల్లో చేరవేసే రేడియో అప్పటికి ఇక్కడ లేదు.

మా పని కొండ మీద కాదు. అడవి భూమిలో తీగలు కట్టకూడదు. అందుకే కొండ దిగాక, మాలో ఒకరికి తెలిసిన రైతు మామిడితోటలో మకాం పెట్టాం. తాత మంచం మీద కూర్చుని మా హడావుడి కాసేపు చూశాడు.

"ఏంది బిడ్డా ఈ తీగలు? నా తోటకు కరెంటు పెడ్తున్నరా?"

"కాదు తాతా, రేడియో."

"రేడియోకు గింత తీగెందుకు? మా ఇంట్ల రేడియోకు జానెడు పుల్ల ఉండె."

తాత అడిగింది అసలైన ప్రశ్న. దానికి జవాబు ఏడో తరగతి భాగహారం.

రేడియో అల వెలుతురు వేగంతోనే పోతుంది, సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. మేం మాట్లాడాలనుకున్నది 7.1 మెగాహెర్ట్జ్ మీద. అంటే అల సెకనుకి 71 లక్షల సార్లు ఊగుతుంది. సెకనులో పోయిన దూరాన్ని ఊగిన సార్లతో భాగిస్తే ఒక్క ఊపుకి ఎంత దూరం పోయిందో వస్తుంది. అదే తరంగదైర్ఘ్యం. అన్ని సున్నాలు మోయక్కర్లేదు. 300ని మెగాహెర్ట్జ్ అంకెతో భాగించండి, మీటర్లు వచ్చేస్తాయి. 300ని 7.1తో భాగిస్తే 42.25 మీటర్లు. హామ్‌లు దీన్ని '40 మీటర్ల బ్యాండ్' అని పిలిచేది అందుకే. వాళ్లు ఊరి పేరులా బ్యాండ్‌ని మీటర్లలో చెబుతారు: "40కి రా", "20లో కలుద్దాం".

మీ ఫోన్‌లో కూడా ఇదే లెక్క నడుస్తోంది. వైఫై 2.4 గిగాహెర్ట్జ్, అంటే 2400 మెగాహెర్ట్జ్. 300ని 2400తో భాగిస్తే 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే యాంటెన్నా ఫోన్ అంచులో ఒదిగిపోయి మీకు కనబడదు. కొన్ని ఫోన్లలో ఎఫ్ఎం వినాలంటే తీగ ఇయర్‌ఫోన్స్ పెట్టమని అడిగేది ఎందుకో ఇప్పుడు మీరే చెప్పొచ్చు. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ అనుకుంటే అల 3 మీటర్లు, పావు వంతు 75 సెంటీమీటర్లు. అది ఫోన్‌లో పట్టదు. ఇయర్‌ఫోన్ తీగే అక్కడ యాంటెన్నా.

మరి తాత చెప్పిన జానెడు పుల్ల? అది వినడానికి. బలమైన స్టేషన్‌ని వినడానికి చిన్న యాంటెన్నా చాలు, సెట్టు లోపలి ఫెరైట్ కడ్డీ కూడా చాలు. పంపేవాడికే పొడవు కావాలి. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, అంటే 0.738 మెగాహెర్ట్జ్. భాగిస్తే అల 406 మీటర్లు. అందులో పావు వంతంటే వంద మీటర్ల స్తంభం. తాత చేతిలోని జానెడు పుల్లకి అవతల వైపు అంత స్తంభం పని చేస్తోందన్నమాట.

మేం 42 మీటర్ల తీగ కట్టలేదు, సగమే. ఎందుకంటే సగం పొడవు తీగలో కరెంటు ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్లి సరిగ్గా సమయానికి వెనక్కి వస్తుంది. ఉయ్యాల వెనక్కొచ్చి ఆగిన క్షణంలో తోస్తే కొద్దిపాటి బలంతోనే పైకి లేస్తుంది కదా, అలా. పొడవు తప్పితే ఉయ్యాలని తప్పు టైమ్‌లో తోసినట్టే. పంపిన పవర్‌లో కొంత సెట్టు వైపే తిరిగి వచ్చేస్తుంది.

లెక్క ప్రకారం సగం 21.1 మీటర్లు. కానీ తీగ కొసల్లో విద్యుత్ క్షేత్రం కాస్త బయటికి చిమ్ముతుంది. దాంతో తీగ ఉన్నదానికంటే కొంచెం పొడుగున్నట్టు ప్రవర్తిస్తుంది. కాబట్టి ఓ 5 శాతం తగ్గించాలి. హామ్‌లు దీనికి 143 అనే అంకె పెట్టుకుంటారు. 143ని 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు. మధ్యలో కోసి, ఒక్కో రెక్కకి 10 మీటర్ల చొప్పున రెండు రెక్కలు. పేరు డైపోల్. ఇంటర్నెట్‌లో ఈ లెక్క చేసిపెట్టే క్యాలిక్యులేటర్లు బోలెడు ఉన్నాయి. కానీ చేత్తో ఒక్కసారి చేస్తే తర్వాత ఏ తీగని చూసినా అది ఏ బ్యాండ్‌దో కళ్లతోనే అంచనా వేయొచ్చు. నాకు అదే నచ్చింది.

అయితే కాగితం మీది లెక్క మామిడితోటకి తెలియదు. నేల ఎంత దగ్గరుంది, తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉందా, పక్కన కొమ్మలున్నాయా, అన్నీ దాని మీద ప్రభావం చూపుతాయి. అందుకే మా సీనియర్ అన్న కావాలనే 20.6 మీటర్లు కోశాడు. "పొడుగుంటే కత్తిరిస్తాం తమ్ముడూ, పొట్టిదైతే అతుకులెక్కడ వేస్తాం?" అన్నాడు. దర్జీలు కూడా ఇదే మాట అంటారు.

తాడు కొసకి రాయి కట్టి ఎత్తైన కొమ్మ మీదుగా విసరడానికి అరగంట పట్టింది. తాత మనవడు వచ్చి రెండో విసురుకే వేసేశాడు. మామిడికాయలు రాలగొట్టిన చెయ్యి మరి! మధ్య భాగం కొమ్మ మీద, రెండు రెక్కలు అటూ ఇటూ కిందికి వాలినట్టు, తలకిందులైన 'వి' ఆకారంలో కట్టాం. అరచేతిలో పట్టే చిన్న ఎనలైజర్ తగిలిస్తే తీగ 6.92 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా పలుకుతోందని చూపించింది. మాకు కావలసింది 7.1. ఇక్కడ మళ్లీ భాగహారమే. 20.6ని 6.92తో గుణించి 7.1తో భాగిస్తే 20.08. అంటే 52 సెంటీమీటర్లు ఎక్కువ. రెండు వైపులా 26 చొప్పున మడిచి చుట్టేశాం. మళ్లీ కొలిస్తే ముల్లు 7.1 దగ్గరికి వచ్చి కూర్చుంది.

సెట్టు పవర్ 20 వాట్లు. మీ ఇంట్లో ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ తాగేంత. అన్న మైకు నొక్కి తన కాల్‌సైన్ చెప్పి పిలిచాడు. గుసగుస, ఈల, మళ్లీ గుసగుస. మూడోసారికి విజయవాడ నుంచి ఒకాయన పలికాడు. సరళరేఖలో చూసినా 300 కిలోమీటర్ల పైనే. మధ్యలో టవర్ లేదు, సిమ్ లేదు, రీచార్జ్ లేదు. మా తీగ తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి అల చాలావరకు నిటారుగా పైకి పోయింది. అక్కడ అయనోస్ఫియర్‌కి తగిలి గొడుగులా చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగింది. తుపాను సమయంలో పక్క జిల్లాతో మాట్లాడాలంటే ఎత్తైన టవర్ కంటే ఇలా తక్కువ ఎత్తులో కట్టిన తీగే పనికొస్తుంది. తర్వాత బెంగళూరు, ఆ తర్వాత కోయంబత్తూరు. "మీ సిగ్నల్ ఫైవ్ నైన్" అని విజయవాడ ఆయన చెప్పినప్పుడు తాత మంచం మీంచి లేచొచ్చి సెట్టు పక్కన నిలబడ్డాడు. 'ఫైవ్ నైన్' అంటే మాట స్పష్టంగా, సిగ్నల్ బలంగా ఉందని.

వాట్సాప్ కాల్ ఉండగా ఇదంతా ఎందుకు అని మీకు అనిపిస్తే, నాకూ అదే అనుమానం ఉండేది. డిసెంబర్ 2004లో హైదరాబాద్ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఒకటి, భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్ వెళ్లింది. అరుదుగా వినబడే దీవి నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం వాళ్ల సరదా. డిసెంబర్ 26 ఉదయం భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు పోయాయి. సరదాకి కట్టిన ఆ యాంటెన్నాలే పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబురు మోశాయి. మనవాళ్లు బతికున్నారా అని అడిగే కుటుంబాలకి జవాబు తెచ్చాయి. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబర్ 12న విశాఖని తాకిన హుద్‌హుద్... తీరం వెంట ఉన్న తెలుగువాళ్లకి కబురు అందని రాత్రి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ రోజు విశాఖలో మొబైల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున చెట్టు, తీగ, బ్యాటరీ, భాగహారం వచ్చిన మనిషి ఉంటే చాలు.

సాయంత్రం తీగ దింపుతుంటే తాత ఇంకో ప్రశ్న వేశాడు.

"మరి దామగుండంల పెడ్తున్నరంట కదా, నేవీ వాళ్లది. ఆ తీగ ఎంత పొడుగుంటది?"

ఇక్కడికి దగ్గర్లోనే పూడూరు మండలంలో దామగుండం అడవి. అక్కడ దాదాపు 2900 ఎకరాల్లో నౌకాదళం రాడార్ స్టేషన్ పెడుతోందని వార్తల్లో వస్తుంటుంది. నిజానికి అది రాడార్ కాదు. అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో, సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకి సందేశాలు పంపే రేడియో కేంద్రం. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దేశంలో ఇలాంటిది తమిళనాడు తిరునల్వేలి దగ్గర ఇప్పటికే ఒకటుంది, ఇది రెండోది.

మా 7.1 మెగాహెర్ట్జ్ అల ఉప్పునీళ్లలో కనీసం ఒక మీటరు కూడా దిగకుండానే చచ్చిపోతుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అలలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకి దిగగలవు. ఆ ఫ్రీక్వెన్సీలు వాడేది అందుకే. టేపు పక్కన పెట్టి లెక్క వేశాం. 20 కిలోహెర్ట్జ్ అనుకుంటే 0.02 మెగాహెర్ట్జ్. 300ని దాంతో భాగిస్తే 15,000 మీటర్లు. ఒక్క అల 15 కిలోమీటర్లు. మా పద్ధతిలో డైపోల్ కడితే ఏడున్నర కిలోమీటర్ల తీగ. పావు వంతు స్తంభం నిలబెట్టాలన్నా మూడు కిలోమీటర్ల పైనే. అంత ఎత్తు ఎవరూ కట్టలేరు. అందుకే ఇలాంటి కేంద్రాల్లో వందల మీటర్ల ఎత్తున్న స్తంభాలు నిలబెట్టి, పైన తీగల వల పరిచి, కింద నేలలో మరిన్ని తీగలు పాతి, పొట్టి యాంటెన్నాతోనే పెద్ద అలని పంపుతారు. ఎకరాలు వేలల్లో కావలసి రావడానికి మూలం ఇదే భాగహారం.

తాత కాసేపు మాట్లాడలేదు. "అయితే చెట్లు పోతయి" అన్నాడు.

చెట్ల లెక్క మీద ఊళ్లోవాళ్లకీ, పర్యావరణ కార్యకర్తలకీ, అధికారులకీ మధ్య వివాదం ఉంది. దేశ రక్షణకి కావాలన్నది ఒక వైపు. దామగుండం రామలింగేశ్వరస్వామి గుడి, పశువుల మేత, మూసీ పుట్టే ప్రాంతంలోని అడవి ఇంకో వైపు. నా మట్టుకు నాకు, అల పొడవు తెలిశాక నేవీ ఎందుకంత స్థలం అడిగిందో అర్థమైంది. ఆ స్థలం అడవే ఎందుకు కావాలన్నది మాత్రం ఏ సూత్రంలోనూ దొరకలేదు.

మీరూ వెళ్తే: సికింద్రాబాద్, బేగంపేట నుంచి వికారాబాద్‌కి రైళ్లున్నాయి, స్టేషన్ నుంచి ఆటో దొరుకుతుంది. రేడియోలో మాట్లాడాలంటే లైసెన్స్ తప్పనిసరి. కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది, 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు ఉంటాయి. లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాకీటాకీ కొని బటన్ నొక్కకండి, అది నేరం. తీగ కట్టేది ఎవరి తోటలోనైనా ముందు వాళ్లని అడగండి, కరెంటు లైన్ల దరిదాపుల్లోకి పోకండి. సాయంత్రం చీకటి పడే వేళకి 40 మీటర్ల బ్యాండ్‌లో దూరపు గొంతులు వినబడటం మొదలవుతుంది. కాబట్టి తిరుగు రైలు కాస్త ఆలస్యంగా చూసుకోండి.