బ్రేకు పట్టని బండి – ఒక వ్యాకరణ పాఠం

తెలుగు చెప్పే ఉపాధ్యాయునికి మోటార్లతోనూ బ్యాటరీలతోనూ ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. అయితే మా విద్యార్థులిద్దరు స్వయంగా తయారు చేసుకున్న విద్యుత్ స్కేట్‌బోర్డు వెంట నేను ఆరు నెలలపాటు తిరగవలసి వచ్చింది. ఆ ఆరు నెలలలో నాకు స్పష్టమైన విషయమొకటి ఉన్నది. రాష్ట్రం వెలుపల తెలుగు బోధించేవారికీ, పిల్లలను తెలుగు చదివించాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తలిదండ్రులకూ అది ఉపయోగపడగలదని తోచి ఇది వ్రాస్తున్నాను.

మాది హోసూరు ప్రాంతం. ఇంటిలో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి నలభై కిలోమీటర్లు పోతే కన్నడం. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటవ తరగతి నుండి మొదలై ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. పిల్లలు తమిళం నేర్చుకోవడం మంచిదే. ఉన్న ఊరి భాష రానివానికి ఆ ఊరిలో బ్రతుకు తెరువు కష్టం. కానీ ఇన్ని భాషల నడుమ తెలుగు దేనికి అన్న ప్రశ్న ప్రతి జూన్ నెలలోనూ మా గుమ్మం ముందు నిలబడుతుంది. పై ఇద్దరిలో ఒక బాలుని తండ్రి లేతు పట్టడలో పనివాడు. ఆయన నాతో సూటిగానే అన్నాడు: "సార్, తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదానికి చాలు. వీడు మిషన్ల మీద పడినాడు. మిషన్లలో తెలుగు యాడుంది?"

ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పదగిన జవాబు బండి దగ్గరే దొరికింది.

మొదట బండి సంగతి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దాని కింద రెండు ఇరుసులు, నాలుగు రబ్బరు చక్రాలు. వెనుక ఇరుసుకు ఒక బ్రష్‌లెస్ మోటారు. మోటారు చిన్న పళ్ళచక్రం నుండి రోడ్డుచక్రానికి బిగించిన పెద్ద పళ్ళచక్రానికి ఒక పళ్ళ బెల్టు. మోటారును ఇరుసుకు పట్టి ఉంచే అల్యూమినియం పట్టీని ఆ తండ్రే తన పట్టడలో కోసి ఇచ్చాడు. మిగిలిన సామాను చాలావరకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాలలో కొన్నారు. మోటారును నడిపే కంట్రోలర్ మాత్రం, స్వీడన్ దేశస్థుడు బెంజమిన్ వెడ్డర్ రూపొందించి అందరికీ బహిరంగంగా అందించిన 'వెస్క్' నమూనాది.

బ్యాటరీ విషయంలో నేను ఒక్క షరతు పెట్టాను. లిథియం సెల్లులను ఇంట్లో అతకరాదు. రక్షణ వలయంతో సహా తయారైన ప్యాకునే కొనాలి. సెల్లులో లోపల షార్టు ఏర్పడితే పుట్టే మంట ఆర్పడానికి లొంగదు. పది సెల్లుల వరుస గనుక సామాన్య వోల్టేజి 36, నిండుగా ఛార్జి అయినప్పుడు 42.

తర్వాత లెక్క. మోటారు వోల్టుకు నిమిషానికి 190 చుట్లు తిరిగేది. 36 వోల్టులకు 6,840 చుట్లు. పళ్ళు 16కు 36 గనుక చక్రానికి చేరేవి 3,040. చక్రం వ్యాసం 83 మిల్లీమీటర్లు. గుణించి చూస్తే గంటకు సుమారు 48 కిలోమీటర్లు! బరువు లేనప్పటి లెక్కే అయినా పిల్లల కళ్ళు మెరిశాయి, నా గుండె గుభేలుమంది. కంట్రోలర్‌లోనే వేగాన్ని గంటకు 12 కిలోమీటర్లకు కట్టివేశాము. తలకు హెల్మెట్, మోచేతులకూ మోకాళ్ళకూ కవచాలు, వాహనాలు రాని చోటు – ఇవి లేకుండా బండి ఎక్కరాదని ఒప్పందం.

చిన్న చిన్న లోపాలు చాలా వచ్చాయి. మోటారు వెనక్కు తిరిగింది. మూడు తీగలలో ఏ రెండింటిని తారుమారు చేసినా దిశ మారుతుంది గనుక అది నిమిషంలో సరిపోయింది. బయలుదేరేటప్పుడు బండి గింజుకొనేది, కాలితో తోసి కదిలించాక సాఫీగా పోయేది. మోటారు ఏ స్థానంలో ఉన్నదో తెలిపే సన్నని సెన్సారు తీగ ఒకటి వదులైంది. బెల్టు పళ్ళు జారేవి, బిగించారు.

అసలు లోపం తర్వాత వచ్చింది. ఊరి చివర ఇళ్ళు ఇంకా లేవని లేఅవుట్లో కొంచెం వాలుగా తారురోడ్డు ఉన్నది. ఒక ఉదయం చిన్నవాడు ఆ వాలులో దిగుతూ బ్రేకు పట్టాడు. బ్రేకు ఒక్క క్షణం పట్టి వదిలేసింది. బండి ఒకవైపు, వాడొకవైపు. కవచం ఉన్నందున చర్మం గీసుకొనడంతో పోయింది. మళ్ళీ రెండు రోజులు బాగానే పట్టింది. మూడవ రోజు మళ్ళీ వదిలేసింది. ఎప్పుడూ చెడిపోయి ఉండే యంత్రాన్ని బాగుచేయవచ్చు. అప్పుడప్పుడు మాత్రమే చెడే యంత్రమే ప్రాణం తీస్తుంది. రిమోటు సంకేతం తెగుతున్నదని ఒక దుకాణంలో చెప్పగా పిల్లలు డబ్బు కూడబెట్టి కొత్త రిమోటు కొన్నారు. లాభం లేకపోయింది.

అంతవరకూ వారి నోటుపుస్తకంలో ఉన్నది ఇంతే: "బ్రేక్ ప్రాబ్లం. రిమోట్ డౌట్. బ్యాటరీ చెక్." అన్నీ నామవాచకాలు. ఒక్క క్రియ లేదు. ఎప్పుడు జరిగిందో, దేని తర్వాత జరిగిందో, ఏది మారిస్తే ఏమైందో చెప్పే మాట ఒక్కటీ లేదు.

నేను వారితో అన్నాను: "మీరు మోటారును మోటారు అనే వ్రాయండి, ఛార్జిని ఛార్జి అనే వ్రాయండి. కానీ ప్రతి సంగతినీ పూర్తి వాక్యంగా వ్రాయండి. వాక్యంలో ఒక 'తే' గాని ఒక 'నా' గాని ఉండి తీరాలి."

వ్యాకరణం పాఠంలో మనం చెప్పే చేదర్థకం, అప్యర్థకం ఇవే. 'వస్తే' చేదర్థకం, ఒకటి జరిగితే మరొకటి జరుగుతుందని అంటుంది. 'వచ్చినా' అప్యర్థకం, ఒకటి జరిగినా మరొకటి ఆగలేదనో, జరగలేదనో అంటుంది. పరీక్షలో రెండు మార్కులకు బట్టీ పట్టించి వదిలేసే ఈ అసమాపక క్రియలే లోపం వెతికేవాని చేతి పనిముట్లు. చేదర్థకం అనుమానితుణ్ణి చూపుతుంది. అప్యర్థకం నిర్దోషిని విడిచిపెడుతుంది.

పది రోజులు పట్టింది. వాలు చివరి కొసలో మాత్రమే, అన్న కింద నిలబడి కాపలా కాస్తుండగా, ఒకసారికి ఒక్క సంగతి మాత్రమే మార్చి చూశారు. పుస్తకంలో ఈ వాక్యాలు చేరాయి:

"నిండుగా ఛార్జి చేసి వాలులో దిగితే బ్రేకు వదిలేసింది."
"రిమోటు మార్చినా వదిలేసింది."
"సగం ఛార్జితో అదే వాలులో దిగితే వదల్లేదు."
"సగం ఛార్జితో బరువైన అన్న ఎక్కి దిగినా వదల్లేదు."
"నిండుగా ఛార్జి చేసినా, చదునులో మెల్లగా పడితే వదల్లేదు."

ఈ అయిదింటినీ నల్లబల్ల మీద వరుసగా వ్రాయించాను. చిన్నవాడు కాసేపు చూసి, "సార్, ఛార్జి నిండుగా ఉండడమూ వాలూ రెండూ కలిస్తేనే పోతా ఉంది" అన్నాడు. ఆ 'తేనే'లోని ఏకారం వద్ద నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక కారణం వెదకడం కష్టం కాలేదు. ఈ బండికి చక్రాన్ని ఒరుసుకొనే బ్రేకు లేదు. బ్రేకు పట్టినప్పుడు మోటారే జనరేటరుగా మారి, బండి వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. బ్యాటరీ అప్పటికే నిండి ఉంటే ఆ విద్యుత్తుకు చోటెక్కడిది? సెల్లు 4.2 వోల్టులను దాటి కొంచెం పైకి పోగానే, సెల్లులను కాపాడే రక్షణ వలయం లోపలికి వచ్చే దారిని మూసివేస్తుంది. మా ప్యాకులో ఛార్జికీ వాడకానికీ ఒకటే ద్వారం. దారి మూసుకుపోగానే కంట్రోలర్ వద్ద వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. తనను తాను కాపాడుకోవడానికి కంట్రోలర్ మోటారును వదిలేస్తుంది. నిండిన కుండలో నీళ్ళు పోయబోతే ఒలికిపోక ఏమవుతుంది? ఇక్కడ ఒలికింది బ్రేకు.

సాక్ష్యం కూడా దొరికింది. కంట్రోలర్ తనకు కలిగిన లోపాలను తానే జ్ఞాపకం పెట్టుకుంటుంది, కానీ స్విచ్చి ఆపితే ఆ చిట్టా చెరిగిపోతుంది. పిల్లలు పడిన ప్రతిసారీ భయంతో మొదట చేసిన పని స్విచ్చి ఆపడమే. ఈసారి ఆపకుండా లాప్‌టాప్ తగిలించి చూడగా, తెరపై 'ఓవర్ వోల్టేజ్' అని కనిపించింది. ఆ రెండు ఆంగ్ల పదాలను చదివి అర్థం చేసుకోవడానికి తెలుగు వాక్యాలు అయిదు ముందే సిద్ధంగా ఉన్నాయి.

చికిత్స తేలిక. 42 వోల్టుల దాకా పోనీయకుండా 40 దాటగానే ఛార్జరు తీసివేయడం. బ్రేకు సమయంలో బ్యాటరీకి తిరిగి వెళ్ళే కరెంటుకు కంట్రోలర్‌లో పరిమితి తగ్గించడం. ముందుగా కొంతదూరం చదునులో నడపడం. వీటన్నిటికీ మించి, కాలు నేలకు రాసి బండి ఆపడం నేర్చుకోవడం. యంత్రం వదిలేసినా మనిషి ఆపగలగాలి. ఇదీ అప్యర్థకమే!

ఆ పుస్తకాన్ని లేతు పట్టడలో తండ్రి ఆసాంతం చదివాడు. ఆయన ఎనిమిదవ తరగతి వరకు తెలుగులో చదువుకున్నవాడు. కొడుకు చేసే పని ఏమిటో ఆ రోజు మొదటిసారి తనకు పూర్తిగా అర్థమైందన్నాడు. అంతేకాదు, బెల్టు గురించిన పేజీ వద్ద ఆగి, "బిగించినా వారానికి మళ్ళీ వదులైతా ఉందంటే బెల్టుది కాదు తప్పు, పట్టీ రంధ్రం కోలగా అయిపోయుంటుంది" అన్నాడు. చూస్తే అలాగే ఉన్నది. ఆంగ్లంలో వ్రాసి ఉంటే ఆ పేజీ ఆయన ముందు మూగదై ఉండేది. ఇరవై ఏళ్ళ పట్టడ అనుభవం కొడుకుకు అందకుండా పోయేది.

ఆ బాలుడు ఇప్పుడు ఆంగ్ల మాధ్యమంలో డిప్లొమా చదువుతున్నాడు. నేను అడ్డు చెప్పలేదు, చెప్పవలసిన పనీ లేదు. వాడి పాఠ్యగ్రంథాలూ కంట్రోలర్ పత్రాలూ ఆంగ్లంలోనే ఉంటాయి. నేను చెప్పదలచినది ఇంతే: వస్తువుల పేర్లు ఏ దేశం నుండి వచ్చినా ఇబ్బంది లేదు, కారణాన్ని కార్యంతో ముడివేసే వాక్యం మాత్రం పిల్లవానికి తడుముకోకుండా వచ్చే భాషలో ఉండాలి. మనం 'విద్యుద్ఘటమాల' వంటి పదాలు వెతకడంలో కాలం గడిపి, 'తే', 'నా', 'తూ', 'గానే' అనే చిన్న ప్రత్యయాల బలాన్ని తరగతిలో చూపకపోతే, యంత్రాల దగ్గర తెలుగు లేదన్న మాటను మనమే నిజం చేసినవాళ్ళమవుతాము.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. స్కేట్‌బోర్డు అక్కరలేదు. ఆగిపోయిన గోడగడియారం, వెలగని సైకిలు దీపం, నీరెక్కని మోటారు పంపు, ఏదైనా చాలు. ఈ వారం అసమాపక క్రియల పాఠానికి ముందు అలాంటిదొకటి బల్లపై పెట్టండి. లోపం దొరికేదాకా ప్రతి విద్యార్థీ 'తే'తో మూడు వాక్యాలు, 'నా'తో మూడు వాక్యాలు వ్రాయాలి. ఆ పుస్తకాన్ని ఇంటికి పంపండి. తలిదండ్రులారా, మీరు దానిని చదవండి. మీకు తెలిసినది అంచున ఒక వాక్యంగా వ్రాసి తిరిగి పంపండి.