గుడారములో ఒక రాత్రి

శంషాబాద్‌కు పడమట ఉన్న అనంతగిరి కొండలు మూసీ నదికి పుట్టినిల్లు. ఒకప్పుడు మంచి గాలి కోసం క్షయరోగులు వచ్చిన ఆ కొండలకు ఇప్పుడు విహారయాత్రికులు వస్తున్నారు. మేమూ అక్కడ ఒక రాత్రి గుడారములో బస చేశాము. లోపల మెత్తని పరుపులు, విద్యుద్దీపాలు, వేడినీళ్లు! అయినా గాలికి గుడ్డ రెపరెపలాడుతూనే ఉంది. తెల్లవారితే ఖాళీ చేయవలసిందే.

2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్‌లో భూముల ధరలు పెరిగాయి. కొన్ని ఇళ్లలో అన్నదమ్ముల మధ్య మాటలే లేకుండా పోయాయి. గుడారవాసియైన అబ్రాహాము మాత్రం కాపరుల జగడము తీర్చుటకు, నచ్చిన నేలను ముందుగా కోరుకొనే అవకాశం లోతుకే ఇచ్చాడు. గజాల కోసం కోర్టుకెక్కిన సహోదరుడా, ఈ ఆదివారమే నీ అన్న తలుపు తట్టుము. ప్రభువు సమాధానము మీ ఇంట నిలుచును గాక!